మీ పెళ్ళికి ఏ తరహా ఫొటోగ్రఫీ నప్పుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫొటోగ్రాఫర్ కోసం వెతుకులాట ఇప్పుడు చాలా ఇళ్ళలో ఇన్‌స్టాగ్రామ్‌లో మొదలవుతోంది. అక్కడ నచ్చిన ఫొటో ఏ వేళప్పుడు, ఎలాంటి వెలుతురులో, ఎంతమంది చుట్టాల మధ్య తీశారో మనకు తెలియదు. శుభలేఖ మీద వేసిన ముహూర్తం, బుక్ చేసిన ఫంక్షన్ హాలు, పిలిచిన జనం: ఏ తరహా నప్పుతుందో చాలావరకు ఈ మూడే తేల్చేస్తాయి. కింది సమాధానాలన్నీ ఆ లెక్కలోనే చెప్పాం.

ట్రెడిషనల్, క్యాండిడ్, సినిమాటిక్ అంటారు. వీటిలో తేడా ఏమిటి?

ట్రెడిషనల్ అంటే ప్రతి తంతూ, ప్రతి చుట్టమూ ఫొటోలో ఉండేలా, అందరూ కెమెరా వైపు చూస్తుండగా ఫ్లాష్ వేసి తీసేది. క్యాండిడ్ అంటే ఎవరినీ ఆపకుండా, కాస్త దూరం నుంచి, జరుగుతున్నది జరుగుతున్నట్టు తీసేది. పోర్ట్రెయిట్లు వేరు. వాటికి వెలుతురు చూసుకుని, నిలబెట్టి, సమయం తీసుకుని తీయాలి. సినిమాటిక్ అనేది వీడియోకు సంబంధించిన మాట. గింబల్ (కుదుపు లేకుండా కెమెరాను పట్టి ఉంచే పరికరం) మీద కెమెరా కదుపుతూ తీసి, పాట మీద కత్తిరించి, నాలుగైదు నిమిషాల హైలైట్స్‌గా ఇస్తారు.

తెలుగు పెళ్ళికి ఒక్క క్యాండిడే చాలనుకోవడం మంచిది కాదని మా అభిప్రాయం. పెళ్ళయ్యాక ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఫొటోలు బాగా రాలేదని కాదు, "మా మేనత్త ఒక్క ఫొటోలోనూ లేదు" అని. క్యాండిడ్ తీసే మనిషి నవ్వునూ కన్నీటినీ వెతుక్కుంటూ వెళతాడు. చుట్టాల లెక్క చూసుకోవడం అతని పని కాదు. అలాగని పూర్తిగా ట్రెడిషనల్‌కే వదిలేస్తే అప్పగింతల్లో కూడా "అమ్మా, ఇటు చూడండి" అనే పిలుపే వినబడుతుంది. ఏ తంతుకు ఏ తరహా కావాలో విడివిడిగా తేల్చుకోండి. స్టేజీ, అక్షింతలు, కుటుంబ ఫొటోలు ట్రెడిషనల్‌కు ఇవ్వండి. మంగళస్నానాలు, గంపలో పెళ్ళికూతురిని తేవడం, తలంబ్రాలు, బిందెలో ఉంగరం తీయడం, అప్పగింతలు క్యాండిడ్‌కు ఇవ్వండి.

ముహూర్తం రాత్రి రెండు గంటలకు. క్యాండిడ్ బాగా వస్తుందా?

వెలుతురు ఏర్పాటు చేసుకుంటే వస్తుంది. అర్ధరాత్రి మూసిన హాల్లో మండపం మీద ఉండేవి డెకరేషన్ వాళ్ళ లైట్లే. అవి పూల కోసం పెట్టినవి, మొహాల కోసం కాదు. పైనుంచి మాత్రమే వెలుతురు పడితే కళ్ళ కింద నల్లటి నీడలొస్తాయి. తల వంచుకు కూర్చున్న పెళ్ళికూతురి మొహం చీకట్లోనే ఉండిపోతుంది.

మండపానికి ముందు రెండు మూలల్లో, మనిషి ఎత్తుకన్నా రెండడుగులు పైన, సాఫ్ట్‌బాక్స్ (వెలుతురును మెత్తబరిచే గుడ్డ పెట్టె) తగిలించిన ఎల్ఈడీ లైట్లు రెండు పెట్టించండి. వాటి రంగు డెకరేషన్ లైట్ల రంగుతో కలవాలి. మండపంలో పసుపు బల్బులుంటే ఇవి కూడా 3200 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత) దగ్గర ఉండాలి, తెల్లవైతే 5600 దగ్గర. రెండు రంగులు కలగలిస్తే మొహం ఒక పక్క నారింజగా, మరో పక్క నీలంగా వస్తుంది. ఈ మాత్రం వెలుతురుంటే వెలుతురును బాగా లోపలికి రానిచ్చే ఎఫ్ 1.8 నుంచి 2.8 లెన్సుతో, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 దగ్గర ఫ్లాష్ లేకుండానే శుభ్రమైన ఫొటో వస్తుంది.

రాత్రి ముహూర్తానికి ఇంకో చిక్కుంది. పొద్దున ఆరింటికి పెళ్ళికూతురిని చేయడంతో పని మొదలుపెట్టిన ఫొటోగ్రాఫర్ రాత్రి రెండింటికి చురుగ్గా ఉండలేడు. మధ్యాహ్నం అతనికి విశ్రాంతి ఇస్తారా, రాత్రికి వేరే మనిషి వస్తాడా అని ముందే అడగండి.

పగటి ముహూర్తం, ఆరుబయట పందిరి. ఏం చూసుకోవాలి?

పందిరి మీద వేసే గుడ్డ రంగు చూసుకోండి. ఎర్ర, పచ్చ, గులాబీ గుడ్డ గుండా వచ్చే ఎండ ఆ రంగునే అందరి మొహాల మీదా పులుముతుంది. తెలుపు లేదా మీగడ రంగు గుడ్డ వేస్తే వెలుతురు మెత్తగా పరుచుకుంటుంది. తాటాకు, కొబ్బరాకు పందిరి చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది కానీ సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా మొహాల మీద పడుతుంది. అందుకే ఆకుల కింద తెల్ల గుడ్డ ఒక పొర కట్టించండి. మండపం వెనక తెరిచిన ఆకాశం ఉంటే మనుషులు నల్లగా పడతారు. వెనక పూల తెరో అరటి చెట్లో ఉండాలి. ఉదయం ఎనిమిదిలోపు ముహూర్తమైతే పగటి వెలుతురును మించిన లైటు లేదు. అప్పుడు క్యాండిడ్‌కు ఎక్కువ చోటివ్వండి.

స్టేజీ వెనక ఎల్ఈడీ తెర పెడుతున్నాం. ఫొటోల మీద గీతలు వస్తాయంటారు, నిజమేనా?

నిజమే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవకరకం ఎల్ఈడీ లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. వీడియో 25 లేదా 50 ఫ్రేముల్లో, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు కెమెరా వెలుతురు తీసుకునే సమయం) 1/50 లేదా 1/100 సెకను దగ్గర తీస్తే ఆ మినుకు పడదు. 30 ఫ్రేముల్లో 1/60తో తీస్తే వీడియోలో నల్ల పట్టీలు పాకుతాయి. వీడియోగ్రాఫర్‌ని "ఎన్ని ఫ్రేముల్లో తీస్తారు?" అని అడిగి చూడండి. వెంటనే 25 అనో 50 అనో చెప్పగలిగినవాడికి ఈ సంగతి తెలిసినట్టే.

స్టేజీ వెనక పెట్టే పెద్ద తెర మినుకు దీనికి వేరు. దాన్ని ముందురోజు వెలిగించి, అదే కెమెరాతో పరీక్షించాల్సిందే. తెర వెలుగు బాగా తగ్గించమనండి, లేకపోతే ముందు నిలబడ్డవారు నల్లటి బొమ్మల్లా కనిపిస్తారు. ఇక ఊదా, నీలం రంగు పార్ లైట్లు (స్టేజీ మీద రంగులు వేసే గుండ్రటి లైట్లు) మొహం మీద పడితే ఎంత కలర్ కరెక్షన్ చేసినా పూర్తిగా పోవు. ముహూర్తానికి పావుగంట ముందు నుంచి మండపం మీద తెల్ల లైట్లు తప్ప వేరేవి ఉండకూడదని డెకరేషన్ వాళ్ళకు చెప్పండి. ఆ మాట ఫొటోగ్రాఫర్ చెప్పేకన్నా డబ్బిచ్చే మీరు చెబితేనే జరుగుతుంది.

జీలకర్ర బెల్లం ఫొటో చాలా పెళ్ళిళ్ళలో సరిగ్గా రాదు. ఎందుకు?

తెర దించడం, తమలపాకులో జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టడం, ఇద్దరి చూపులూ కలవడం: ఇవన్నీ కొన్ని సెకన్లలో అయిపోతాయి. సరిగ్గా అప్పుడే గట్టిమేళం మోగుతుంది. కూర్చున్నవాళ్ళంతా అక్షింతలు వేయడానికి లేస్తారు. అరడజను ఫోన్లు పైకి లేస్తాయి. ఫొటోగ్రాఫర్, వీడియోగ్రాఫర్ ఒకే చోటు కోసం తోసుకుంటారు. గాల్లో ఎగిరే అక్షింతల మీద ఫోకస్ పడి వెనక మొహాలు మసకబారతాయి.

కెమెరాలు ఎక్కడ ఉండాలో ముందే తేలితే ఇందులో చాలావరకు సర్దుకుంటుంది. తెరకు అటొకరు ఇటొకరు మోకాళ్ళ మీద కూర్చోవాలి. ఒకరు పెళ్ళికూతురి మొహం, మరొకరు పెళ్ళికొడుకు మొహం తీస్తారు. మూడో కెమెరా మండపం కింద ఎదురుగా, 24 లేదా 35 మిల్లీమీటర్ల లెన్సుతో మొత్తం దృశ్యాన్ని తీయాలి. పురోహితుడికీ అమ్మాయి తల్లిదండ్రులకీ ఎవరెక్కడ ఉంటారో ముందే చూపించాలి. చుట్టాల్లో మాట చెల్లే పెద్దమనిషిని ఒకరిని మండపం మెట్ల దగ్గర నిలబెట్టండి. "రెండు నిమిషాలు ఎవరూ ఎక్కొద్దు" అని ఆయన చెబితే వింటారు, ఫొటోగ్రాఫర్ చెబితే వినరు.

ఫొటోగ్రాఫర్‌కు ముందే గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. తెర పట్టినప్పటి నుంచి మాంగల్యధారణ అయ్యేదాకా ఎవరినీ కెమెరా వైపు చూడమనకూడదు, ఏదీ మళ్ళీ చేయమనకూడదు. సుముహూర్తం ఒక్కసారే వస్తుంది. ఆ ఘడియలో వధూవరులు ఒకరినొకరు చూసుకోవాలి. దానికన్నా గొప్ప పోజు లేదు.

మాంగల్యధారణ, తలంబ్రాల సంగతేమిటి?

మూడు ముళ్ళు వేసేటప్పుడు పెళ్ళికొడుకు వంగుతాడు, ఆడపడుచు జడ ఎత్తి పట్టుకుంటుంది. పూలజడ, దండలు, చేతులు కలిసి ముడిని మూసేస్తాయి. ఒక కెమెరా పెళ్ళికూతురి వెనక పక్కగా, కాస్త ఎత్తు నుంచి ముడి మీద ఉండాలి. మరొకటి ముందు నుంచి ఆమె మొహం మీద ఉండాలి. ఆడపడుచు కెమెరాకు అడ్డం రాని వైపు నిలబడేలా ముందే చెప్పండి. ఫొటోగ్రాఫర్ ఒక్కడే అయితే మొదటి రెండు ముళ్ళకు మొహం, మూడో ముడికి చేతులు తీయమనండి.

మధుపర్కాల తెలుపు కెమెరా కొలతను తప్పుదోవ పట్టిస్తుంది. ఫ్రేము నిండా తెల్లబట్ట ఉంటే కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. దాంతో మొహాలు నల్లబడతాయి. మొహాన్ని చూసి ఎక్స్‌పోజర్ (ఫొటోలో వెలుతురు మోతాదు) పెట్టి, చీర మీద నేత కనబడుతోందో లేదో సరిచూసుకునేవారు కావాలి. ఫొటోగ్రాఫర్ పాత పని చూసేటప్పుడు మధుపర్కాల్లో ఉన్న ఫొటోలు అడిగి చూడండి. అతని చేయి ఎలాంటిదో అక్కడ తెలిసిపోతుంది.

తలంబ్రాల బియ్యం గాల్లో నిలిచినట్టు కనబడాలంటే షట్టర్ 1/500 కన్నా వేగంగా ఉండాలి. 1/125లో తీస్తే గింజలు గీతలవుతాయి. బియ్యంలో కలిపే థర్మోకోల్ పూసలు లెన్సుకీ, జుట్టుకీ, పట్టుబట్టలకీ అతుక్కుని ఫొటోలో తెల్ల మచ్చల్లా కనిపిస్తాయి. పసుపు కలిపిన బియ్యం, కాసిని ముత్యాలు చాలు.

అమ్మాయి వైపు ఒక ఫొటోగ్రాఫర్, అబ్బాయి వైపు ఒకరు. ఇద్దరూ ఉంటే మంచిదేగా?

పెళ్ళికూతురిని చేయడం, పెళ్ళికొడుకుని చేయడం, ఐరేని కుండలు, ఎదుర్కోళ్ళు, గృహప్రవేశం లాంటివి విడివిడి చోట్ల జరుగుతాయి కాబట్టి ఎవరి మనుషులు వాళ్ళకుంటే మంచిదే. మండపం మీద మాత్రం రెండు జట్లు కలిస్తే ఆరేడు కెమెరాలవుతాయి. వెనక కూర్చున్నవారికి పెళ్ళి బదులు ఫొటోగ్రాఫర్ల వీపులు కనిపిస్తాయి. లైట్లు ఒకరివొకరికి అడ్డమొస్తాయి.

ఇరువైపుల పెద్దలూ ముందే కూర్చుని ఒప్పందానికి రండి. ముహూర్తం నుంచి అప్పగింతల దాకా మండపం మీద ఒక జట్టే ఉంటుంది, రెండో జట్టు కింద నుంచి చుట్టాలను తీస్తుంది, ఫొటోలు ఇరువురూ పంచుకుంటారు. వాట్సాప్ సందేశంగానైనా సరే, ఇది రాతలో ఉండాలి. ఆ రోజు పొద్దున అన్ని కెమెరాల్లో గడియారం ఒకే సమయానికి పెట్టించండి. లేకపోతే రెండు జట్ల ఫొటోలు కలిపినప్పుడు తలంబ్రాల తర్వాత జీలకర్ర బెల్లం వస్తుంది.

చుట్టాలు 800 మంది. ఎంతమంది ఫొటోగ్రాఫర్లు కావాలి?

స్టేజీ లెక్క ముందు చూసుకోండి. నలుగురికొక గుంపు చొప్పున 800 మందికి 200 గుంపులు. గుంపుకు 25 సెకన్లు పట్టినా 80 నిమిషాలు దాటుతుంది. అంతసేపూ ఒక ఫొటోగ్రాఫర్ అక్కడి నుంచి కదల్లేడు. అందుకే అంత జనానికి కనీసం ట్రెడిషనల్ ఒకరు, క్యాండిడ్ ఒకరు, ట్రైపాడ్ మీద పూర్తి వీడియో ఒకరు, కదిలే వీడియో ఒకరు ఉండాలి. 150 మందిలోపు పెళ్ళికి ఇద్దరు ఫొటోలకు, ఒకరు వీడియోకు సరిపోతారు. చిన్న పెళ్ళిలో పెద్ద జట్టు పెడితే చుట్టాలు బిగుసుకుపోతారు, క్యాండిడ్ అనేదే దొరకదు.

జంట పోర్ట్రెయిట్లు ఎప్పుడు తీయించుకోవాలి?

జీలకర్ర బెల్లం కన్నా ముందు వధూవరులు ఒకరినొకరు చూసుకోకూడదన్న ఆచారం మీ ఇంట్లో ఉంటే, పెళ్ళికి ముందే జంటను కలిపి తీయాలన్న ఆలోచన మానుకోండి. ముస్తాబు కాగానే ఎవరివి వాళ్ళకు విడిగా 20 నిమిషాలు కేటాయించండి. ఇద్దరివీ కలిపి తలంబ్రాలయ్యాక పావుగంట, తీరిగ్గా కావాలంటే రిసెప్షన్ సాయంత్రం జనం రాకముందు అరగంట. మేకప్ ఆలస్యమైతే ముందు కోత పడేది ఈ సమయానికే. అందుకని మేకప్ ఆర్టిస్టుకు అసలు సమయం కన్నా 45 నిమిషాలు ముందు చెప్పండి.

ప్రీ-వెడ్డింగ్ షూట్ తప్పనిసరా?

కాదు. కెమెరా ముందు బిగుసుకుపోయే జంటకు ఫొటోగ్రాఫర్‌తో చనువు ఏర్పడడమే దానివల్ల అసలు లాభం. పెద్దలకు ఇష్టం లేకపోతే నిశ్చితార్థం రోజు ఒక గంట అదనంగా అడగండి, ఆ లాభం అక్కడే వస్తుంది. గోల్కొండ లాంటి పురావస్తు శాఖ రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ వేసి వృత్తిపరంగా తీయాలంటే ముందస్తు అనుమతి ఉండాలి. అరకు, భీమిలి, కోనసీమ వైపు వెళ్ళేవారు బట్టలు రెండు జతలకు మించి పెట్టుకోవద్దు. ఒక్కోసారి మార్చుకోవడానికి అరగంట పోతుంది, మంచి వెలుతురు ఉండేదేమో పొద్దున, సాయంత్రం ఒక్కో గంట.

డ్రోన్ పెట్టించాలా?

బరాత్, ఎదుర్కోళ్ళు, ఊరి ఇంటి ముందు పందిరి, గోదావరి ఒడ్డు లాంటి వాటికి పావుగంట ఎగరేస్తే చాలు. మండపం మీదుగా వద్దు. రెక్కల గాలికి దీపాలు ఆరిపోతాయి, హోమం బూడిద లేస్తుంది, మోతలో మంత్రం వినబడదు. 2021 డ్రోన్ నియమాల ప్రకారం 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో డబ్బుకు పనిచేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. విమానాశ్రయం సరిహద్దుకు 8 కిలోమీటర్లలోపు అనుమతి లేకుండా ఎగరేయకూడదు. శంషాబాద్ చుట్టుపక్కల రిసార్టులో పెళ్ళి పెట్టుకున్నవారు ఇది తప్పక చూసుకోవాలి. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై వెబ్‌సైటు మ్యాపులో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో కనిపిస్తుంది.

సినిమాటిక్ వీడియో తీసుకుంటే పూర్తి వీడియో అక్కర్లేదా?

అవసరమే. ఐదు నిమిషాల హైలైట్స్‌లో తాతగారు మాట్లాడిన మాటలు ఉండవు, కన్యాదానం మంత్రం ఉండదు. పదేళ్ళ తర్వాత ఇంట్లో వెతుక్కునేది వాటినే. ట్రైపాడ్ మీద ఒక కెమెరా ఆపకుండా తీయాలి.

ధ్వని గురించి అడిగేవారు చాలా తక్కువ. పురోహితుడి ఉత్తరీయానికి ఒక చిన్న మైకు పెట్టించండి. గట్టిమేళం మోగగానే శబ్దం పగిలిపోతుంది కాబట్టి రికార్డింగ్ స్థాయి ఆటోలో వదలకూడదు. అదే శబ్దాన్ని 12 డెసిబెల్స్ (శబ్దానికి కొలత) తక్కువగా రెండో ట్రాకులో కూడా రికార్డు చేస్తే ఆ క్షణం నిలబడుతుంది.

అమెరికాలో ఉన్న బంధువుల కోసం లైవ్ పెడితే వేళ ముందే చెప్పండి. మన రాత్రి 2 గంటలు వేసవిలో న్యూజెర్సీలో అంతకుముందు రోజు సాయంత్రం నాలుగున్నర. అప్‌లోడ్ వేగం కనీసం 10 ఎంబీపీఎస్ ఉందో లేదో హాల్లోనే పరీక్షించండి, డౌన్‌లోడ్ వేగం ఎంతున్నా లాభం లేదు. సినిమా పాటలు మోగితే కాపీరైట్ కారణంగా యూట్యూబ్ లైవ్ మధ్యలో ఆగిపోవచ్చు.

గుడిలో పెళ్ళి, చర్చి పెళ్ళి, నిఖా. వీటికి తరహా మారుతుందా?

మారుతుంది. గుడుల్లో ఎక్కడిదాకా కెమెరా రానిస్తారో దేవస్థానం కార్యాలయంలోనే అడగాలి. తిరుమల శ్రీవారి ఆలయం లోపలికి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్ళనివ్వరు. గుడి పెళ్ళికి లైట్ స్టాండ్లు లేకుండా, ఒకరిద్దరితో జరిగే క్యాండిడ్ తరహా నప్పుతుంది. చర్చిలో ప్రమాణాల సమయంలో ఫ్లాష్ వాడవచ్చా, బలిపీఠం దగ్గరికి ఎంతవరకు వెళ్ళవచ్చో పాస్టరుగారినో ఫాదరుగారినో ముందే కలిసి తెలుసుకోండి. నిఖాలో ఆడవాళ్ళ వైపు మహిళా ఫొటోగ్రాఫర్‌నే పెట్టుకోండి. ఏ ఫొటోలు ఆన్‌లైన్‌లో పెట్టకూడదో రాతలో ఇవ్వండి.

విదేశంలో తెలుగు పెళ్ళి, అక్కడి ఫొటోగ్రాఫర్. ఏం చెప్పాలి?

తంతుల వరుస, ఒక్కోదానికి పట్టే నిమిషాలు, ఎవరు ఎక్కడ కూర్చుంటారో ఒక పేజీ రాసి ఇవ్వండి. అక్కడివారిలో చాలామంది మూడు ముళ్ళే పెళ్ళికి పతాకఘట్టం అనుకుని జీలకర్ర బెల్లం దగ్గర లెన్సు మార్చుకుంటూ ఉంటారు. సుముహూర్తం ఏదో ఎర్ర సిరాతో గీత గీసి చూపించండి.

ఆల్బమ్ ఎలా చెప్పించుకోవాలి?

మన దగ్గర ఎక్కువగా నడిచేది 12×36 అంగుళాల సైజు. "40 షీట్లు" అంటే ఒక వైపా, రెండు వైపులా అని అడగండి. ఇక్కడే ఎక్కువ గొడవలొస్తాయి. ఒక వైపుకు నాలుగైదు ఫొటోలు మించితే మొహాలు చిన్నవైపోతాయి. కాబట్టి 40 వైపులకు 160 నుంచి 200 ఫొటోలు ఎంచుకోవాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు ఇచ్చి ప్రింటు వేయమనకండి. 12×36 ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల (డీపీఐ) లెక్కన 10800×3600 పిక్సెళ్ళు కావాలి. వెనక పూలు, కోటలు, మబ్బులు అతికించే డిజైన్లు రెండేళ్ళకే పాతబడతాయి. తెల్ల నేపథ్యం అడగండి. మ్యాట్ కాగితం మీద వేలిముద్రలు తక్కువ పడతాయి.

ఒప్పందంలో ఏమేమి రాయించాలి?

వచ్చే మనుషులెవరో పేర్లతో రాయించండి. నమూనా చూపించింది ఒకరు, పెళ్ళికి వచ్చింది ఇంకొకరు కావడం మామూలే. కెమెరాలో రెండు మెమరీ కార్డులకు ఒకేసారి రాయాలని, ఆ రాత్రే రెండు హార్డ్ డిస్కుల్లో నకళ్ళు తీయాలని ఉండాలి. 100 ఎంబీపీఎస్‌లో తీసే 4కె వీడియో గంటకు 45 జీబీ. మూడు కెమెరాలు ఎనిమిది గంటలు తీస్తే ఒక టీబీ దాటుతుంది. మీ డిస్కు కనీసం రెండు టీబీలది కొనండి.

డబ్బు మూడు భాగాలుగా ఇవ్వండి: బుకింగ్‌కు కొంత, పెళ్ళినాడు కొంత, ఆల్బమ్ చేతికొచ్చాక మిగిలింది. చివరి భాగం మొత్తంలో మూడో వంతుకు తగ్గకుండా చూసుకోండి. మీవైపు నుంచి ఫొటోల ఎంపిక 30 రోజుల్లో, వాళ్ళవైపు నుంచి ఆల్బమ్ ఆ తర్వాత 60 రోజుల్లో అని రెండు గడువులూ రాయండి. ఆల్బమ్ ఏడాదిదాకా రాకపోవడానికి చాలాసార్లు కారణం ఇంట్లోవాళ్ళు ఫొటోలు ఎంచి ఇవ్వకపోవడమే.

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోలకు, వీడియోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారులు. స్టూడియో ఇచ్చే ఫారంలో దీనికి విరుద్ధంగా ఒక వాక్యం చిన్న అక్షరాల్లో ఉండవచ్చు. సంతకానికి ముందు చదవండి. మీ ఫొటోలు వాళ్ళ పేజీలో పెట్టుకోవడం మీకు ఇష్టమో కాదో, ఇష్టమైతే ఏవి పెట్టుకోవచ్చో అక్కడే రాయించండి.